అమ్మానాన్నల వేళకు వచ్చే బడి

అంగన్‌వాడీలో తల్లుల సమావేశం సాధారణంగా పగటిపూట, పని గంటల్లోనే జరుగుతుంది. ఆ వేళకు విశాఖపట్నంలో ఎవరు ఎక్కడ ఉంటారో ఒక్కసారి ఆలోచిస్తే, ఆ సమావేశానికి ఎంతమంది రాగలరో తేలిపోతుంది. తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని గంపకెత్తుకున్న తల్లి ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో ఇంటింటికీ తిరుగుతూ ఉంటుంది. ఆరిలోవ నుంచి ఇళ్లలో పనికి వెళ్లే తల్లికి అప్పటికి రెండిళ్ల పని పూర్తయి, మరో ఇల్లు మిగిలే ఉంటుంది. దువ్వాడ సెజ్‌లో పనిచేసే తల్లి షిఫ్టు మధ్యలో గేటు దాటి రాలేదు. ఉక్కు కర్మాగారంలో రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చిన తండ్రి నిద్రలో ఉంటాడు. చివరికి సమావేశంలో కనిపించేది నాయనమ్మలు, అమ్మమ్మలు, పనికి వెళ్లని కొద్దిమంది తల్లులు. రిజిస్టరులో సంతకాలు పడతాయి. తర్వాత ఎప్పుడో ఒక సమీక్షలో ‘ఈ వాడలో తల్లిదండ్రులకు పిల్లల మీద శ్రద్ధ లేదు’ అన్న మాట వినిపిస్తుంది.

ఆ మాట అన్యాయం. రోజంతా ఒళ్లు హూనం చేసుకుని ప్రైవేటు నర్సరీ ఫీజు కట్టే కుటుంబానికి శ్రద్ధ లేదనడం ఎలా కుదురుతుంది? పసిపిల్లల కోసం ఇల్లు, బడి, వాడ చేతులు కలపాలని విధాన పత్రాలన్నీ చెబుతున్నాయి. అయితే ఏ వేళకు కలవాలి, ఏ భాషలో మాట్లాడాలి, ఎవరికి తెలిసినదాన్ని తెలివిగా లెక్కించాలి అన్నవి మాత్రం సంస్థే తేల్చేస్తోంది. ఈ మూడింటిలో నిర్ణయం కొంతైనా కుటుంబం చేతికి వచ్చేదాకా భాగస్వామ్యం హాజరు పట్టీ దాటి ముందుకు రాదు. 2011 జనాభా లెక్కల నాటికే 17 లక్షలు దాటి, ఇప్పుడు 98 వార్డులుగా విస్తరించిన నగరంలో అందరికీ ఒకే వేళ, ఒకే పద్ధతి సరిపడవు.

ఆరేళ్లలోపు పిల్లల విషయంలో ఇంటిని కలుపుకోవడం ఎందుకంత ముఖ్యమో చెప్పే గట్టి ఆధారాలున్నాయి. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 1980వ దశకంలో ఒక ప్రయోగం జరిగింది. పోషకాహార లోపంతో ఎదుగుదల ఆగిన, రెండేళ్లలోపు వయసున్న 129 మంది పిల్లలను ఎంచుకున్నారు. వారిలో కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారం వారం వెళ్లారు. ఇంట్లో దొరికే వస్తువులతో బొమ్మలు చేసి, బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చూపించారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, ఆ పిల్లల సంపాదన ఇంటి సందర్శనలు అందని తోటివారికంటే 25 శాతం ఎక్కువగా ఉంది. అదే పద్ధతిని పక్క రాష్ట్రంలోని కటక్ మురికివాడల్లో పరీక్షించారు. 54 వాడల్లో 421 మంది పిల్లలతో, పద్దెనిమిది నెలలపాటు వారం వారం ఇంటికి వెళ్లి చేసిన ఆ ప్రయత్నంలో పిల్లల గ్రహణశక్తి స్పష్టంగా మెరుగుపడింది. వెళ్లినవారు స్థానిక మహిళలే. పేరున్న పెద్ద నిపుణులు ఎవరూ అక్కర్లేకపోయారు.

అమెరికాలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూలును నాణ్యమైన పూర్వ ప్రాథమిక విద్యకు ఉదాహరణగా తరచూ చెబుతారు. అందులో టీచర్లు ప్రతి వారం గంటన్నరసేపు పిల్లల ఇళ్లకు వెళ్లేవారన్న సంగతి మాత్రం చాలాసార్లు మరుగున పడిపోతుంది. ఇంటికి వెళ్లడం ఎందుకు మేలు చేస్తుందో తేలికగానే అర్థమవుతుంది. మూడేళ్ల బిడ్డ అంగన్‌వాడీలో గడిపేది రోజులో కొన్ని గంటలే. మిగతా సమయంలో బిడ్డ ఏదో చూపించినప్పుడు పెద్దలు బదులిస్తున్నారా, అడిగిన ప్రశ్నను పొడిగిస్తున్నారా అన్నదాన్ని బట్టే మాట, ఆలోచన పెరుగుతాయి. ఆ సంభాషణ వంట చేస్తూనో, బట్టలు మడత పెడుతూనో జరగవచ్చు. దానికి వేరే సమయం, వేరే సామగ్రి అక్కర్లేదన్న భరోసా తల్లికి ఇవ్వగలిగితే సగం పని అయినట్టే.

మన దేశంలో ఈ ఆలోచన కొత్తది కాదు. 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో శిశు విద్యావేత్త తారాబాయి మోదక్ పిల్లలను బడికి రప్పించలేని చోట బడినే ఇళ్ల ముంగిళ్లకు తీసుకువెళ్లారు. ముంగిట్లో నడిచే ఆ బడే ‘అంగన్‌వాడీ’. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఆ పేరునే తీసుకుని దేశమంతటా అంగన్‌వాడీలు నెలకొల్పింది. పోషకాహారం, పూర్వ ప్రాథమిక విద్య, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపడం, తల్లులకు పోషణ, ఆరోగ్య విషయాలు నేర్పడం అనే ఆరు సేవలు అందులో ఉన్నాయి. ఇంటికి వెళ్లడం కార్యకర్త విధుల్లో మొదటి నుంచీ ఉన్న పనే.

విధుల్లో ఉన్న పనికి సమయం మాత్రం దొరకడం లేదు. పిల్లలకు అన్నం, గుడ్డు, పాలు, బాలామృతం పంపిణీ, తూకాలు, ఫోనులో నమోదులు, గర్భిణుల వివరాలు, సర్వేలు అన్నీ ఒక్క కార్యకర్త, ఒక్క ఆయా మీదే పడ్డాయి. ఈ రద్దీలో ముందుగా కోతపడేది పిల్లలకు పాఠం చెప్పే సమయం, ఇళ్లకు వెళ్లే సమయం. తమిళనాడులో జరిగిన ఒక అధ్యయనంలో కేంద్రానికి సగం పూట పనిచేసే మరో మనిషిని, కేవలం పూర్వ ప్రాథమిక విద్య కోసం, అదనంగా నియమించారు. బోధనా సమయం రెట్టింపయింది, పిల్లల లెక్కలు, భాష మెరుగుపడ్డాయి. పాత కార్యకర్తకు పోషణ పనికి వీలు చిక్కడంతో ఎదుగుదల లోపం కూడా తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా ఉన్న అంగన్‌వాడీల సిబ్బంది 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేసినప్పుడు అడిగింది ప్రధానంగా వేతనమే. కానీ ఆ వేతనానికి ఎంత పని చేయిస్తున్నామన్న ప్రశ్న కూడా అందులో ఉంది. కుటుంబాలతో బంధం పెంచమని కార్యకర్తకు మరో శిక్షణ ఇచ్చేముందు, ఆమె చేతిలోంచి ఏ రెండు రిజిస్టర్లు తీసేస్తారో చెప్పాలి.

ఇక ఎవరి తెలివి అన్న విషయానికి వద్దాం. 1990ల మొదట్లో అమెరికాలోని అరిజోనాలో విద్యా పరిశోధకుడు లూయిస్ మాల్, ఆయన సహచరులు ఒక పని చేశారు. మెక్సికన్ మూలాలున్న పేద పిల్లల ఇళ్లకు టీచర్లను పంపారు. చెప్పడానికి కాదు, నేర్చుకోవడానికి. ఆ ఇళ్లలో వ్యవసాయం, మరమ్మతు పనులు, మందుమొక్కలు, బేరసారాల గురించి ఎంత పరిజ్ఞానం ఉందో టీచర్లు రాసుకుని వచ్చి, దాని చుట్టూ పాఠాలు అల్లారు. విశాఖలో ఆ పనికి పెదజాలారిపేటను మించిన చోటు దొరకదు. అక్కడి నాలుగేళ్ల బిడ్డకు వంజరం, చందువ, కానాగంత, నెత్తళ్లు చూడగానే తెలుస్తాయి. పెద్దవి ఒక గంపలోకి, చిన్నవి ఇంకో గంపలోకి వేరుచేయడం, కుప్పలు పెట్టడం, ఏ కుప్ప ఎక్కువో చెప్పడం రోజూ చూస్తుంది, చేస్తుంది. పూర్వ ప్రాథమిక విద్యలో వర్గీకరణ, క్రమం, పోలిక అంటున్నది దీన్నే. అదే బిడ్డ కేంద్రానికి వచ్చాక, ప్లాస్టిక్ బొమ్మలను రంగుల వారీగా వేరుచేయలేదని వెనుకబడినట్టు నమోదైతే ఆ లోటు ఎవరిది?

కంచరపాలెంలో పూలు కట్టే ఇంటి పిల్లలకు దారం, ముడి, వరస తెలుసు. వాడలో నాయనమ్మలకు వామనగుంటలు తెలుసు. చింతపిక్కలు ఒక్కో గుంటలో ఒక్కటి చొప్పున వేసుకుంటూ పోయే ఆ ఆటలో లెక్కింపు, అంచనా, ఓపిక మూడూ ఉన్నాయి. వారానికి ఒక రోజు ఒక పెద్దావిడను కేంద్రానికి పిలిచి పిల్లలతో ఆడించమంటే దానికి ఖర్చు ఉండదు. ఆవిడకు కూడా ఆ గదిలో ఒక స్థానం దక్కుతుంది. తల్లుల సమావేశంలో వెనక కూర్చుని ఉపన్యాసం వినే మనిషికీ, పిల్లలకు ఆట నేర్పడానికి వచ్చిన మనిషికీ బడితో ఉండే చనువు వేరు.

భాష సంగతి ఇంకొంచెం చిక్కైనది. ఉత్తరాంధ్ర ఇళ్లలో గుంటడు, గుంట అని పిలిపించుకున్న పిల్లలకు పుస్తకంలో బాలుడు, బాలిక ఎదురవుతారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పనికి వచ్చిన కుటుంబాలు, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు, రైల్వే, నౌకాదళం ఉద్యోగాల వల్ల వచ్చిన హిందీ, బెంగాలీ కుటుంబాలు ఒకే వార్డులో ఉంటాయి. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఇంటి భాషనే మొదటి మెట్టు చేయమంటుంది. ఆచరణలో జరుగుతున్నది వేరు. ఇంటి మాట పలికిన బిడ్డను సరిదిద్దుతారు. రెండుసార్లు సరిదిద్దించుకున్నాక బిడ్డ నోరు మూసుకుంటుంది. ఒడియా మాట్లాడే తల్లిని వారానికోసారి పిలిచి ఒక కథ తన భాషలో చెప్పమనడం, ఆ కథను బొమ్మలతో తెలుగులో మళ్లీ చెప్పడం పెద్ద కష్టమేమీ కాదు. ఆ బిడ్డ భాషకు ఆ గదిలో చోటుందని మిగతా పిల్లలకూ తెలుస్తుంది.

తల్లిదండ్రులు కోరేదీ టీచరు సరైనదని నమ్మేదీ ఎదురెదురుగా నిలిచే చోటు ఇంగ్లీషు, పలక. మూడేళ్లకే ఏబీసీడీలు రాయించాలని ఇంట్లో ఒత్తిడి. ఆ ఒత్తిడిని అమాయకత్వమని కొట్టిపారేయకూడదు. ఇంగ్లీషు రాకపోవడం వల్ల ఏ ఉద్యోగాలు చేజారాయో, ఏ కౌంటరు దగ్గర చులకనయ్యారో ఆ తల్లిదండ్రులకు బాగా తెలుసు. వారికి ‘ఆటే చదువు’ అన్న పోస్టరు చూపిస్తే నమ్మకం కలగదు. మూడేళ్ల వేళ్లకు పెన్సిలు పట్టే బలం ఎలా వస్తుందో చూపిస్తే కలుగుతుంది. చపాతీ పిండి పిసకడం, చిక్కుళ్లు గిల్లడం, పూసలు గుచ్చడం చేసిన బిడ్డ ఐదేళ్లకు గీత ఎలా గీస్తోందో పక్కపక్కన పెట్టి చూపించాలి. ఇంటి భాషలో మాట బాగా పెరిగిన బిడ్డకు రెండో భాష తొందరగా పట్టుబడుతుందని కూడా చెప్పాలి. కొన్ని ప్రైవేటు నర్సరీలు ఈ ఆదుర్దానే పెట్టుబడిగా చేసుకుని, పసివాళ్లకు హోంవర్కు ఇస్తున్నాయి. ప్రైవేటు ప్లేస్కూళ్లకు జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలున్నాయి. ఇరవై మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండాలని, తల్లిదండ్రులతో సంఘం ఏర్పాటు చేయాలని అవి చెబుతాయి. బిడ్డను చేర్చేటప్పుడు ఈ రెండింటి గురించి అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది.

కమిటీల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 2009 విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షను ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. ఆ చట్టం హామీ ఇచ్చే హక్కు ఆరేళ్ల వయసు నుంచి మొదలవుతుంది. ఆరేళ్లలోపు పిల్లల గురించి ప్రభుత్వం ‘ఏర్పాట్లు చేయవచ్చు’ అనే స్థాయిలోనే అది ఆగిపోయింది. అందువల్ల అంగన్‌వాడీ కుటుంబాలకు చట్టబద్ధమైన గొంతు లేదు. గొంతు ఉన్నచోట కూడా పెద్ద నిర్ణయాలు ముందే జరిగిపోతాయి. 2022 జూన్‌లో 117వ జీవోతో 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించినప్పుడు రాష్ట్రంలో చాలాచోట్ల తల్లిదండ్రులు రోడ్డెక్కారు. ఎనిమిదేళ్ల బిడ్డ ఒంటరిగా పెద్ద రోడ్డు దాటాలా అన్నది వారి ప్రశ్న. తర్వాతి ప్రభుత్వం 2025లో ఆ విధానాన్ని పక్కన పెట్టింది. కమిటీలను ముందే అడిగి ఉంటే పిల్లలకు ఆ మూడేళ్ల గందరగోళం తప్పేది. 2024 డిసెంబరు 7న, 2025 జులై 10న రాష్ట్రమంతటా జరిగిన తల్లిదండ్రుల, టీచర్ల మెగా సమావేశాలు మంచి ప్రయత్నమే. అంతపెద్ద పండుగ వాతావరణంలో ఒక తల్లి తన బిడ్డ గురించి టీచరుతో పది నిమిషాలు నెమ్మదిగా మాట్లాడే వీలు మాత్రం ఉండదు.

ఆ పది నిమిషాలు ఎక్కడ దొరుకుతాయి? బిడ్డను దింపేటప్పుడు, తీసుకెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర కొన్ని దొరుకుతాయి. ఫోనులో ఇంకొన్ని దొరుకుతాయి. ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చేవి ఫొటోలు, పెద్ద పెద్ద ప్రకటనలు. చదవడం అంతగా రాని తల్లికి వాటివల్ల ప్రయోజనం లేదు. సాయంత్రం ఏడు గంటలకు ఒక్క నిమిషం నిడివి గల ఆడియో, అందులో ‘ఈ రోజు మేము చెప్పుకున్న కథ ఇది, రాత్రి అన్నం తినేటప్పుడు పిల్లల చేత చెప్పించండి’ అన్న మాట ఎంతో మేలు. తిరిగి తల్లి కూడా ఆడియో పంపగలగాలి. ఏం చేస్తే బిడ్డ ఏడుపు ఆపుతుంది, ఏ కథ మళ్లీ మళ్లీ అడుగుతుంది, ఎవరి పక్కన పడుకుంటుంది అన్నవి టీచరుకు తెలియాల్సిన సంగతులు. అవి ఇంటివారికి మాత్రమే తెలుసు.

తండ్రుల విషయంలో నగరం ఒక అవకాశాన్ని ఏటా వదులుకుంటోంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, యాంత్రిక పడవలతో చేపల వేట నిషేధం. ఏడాదిలో ఎక్కువ రోజులు సముద్రం మీద ఉండే తండ్రులు ఆ రెండు నెలలూ ఒడ్డునే వలలు బాగు చేసుకుంటూ, పడవలకు మరమ్మతులు చేసుకుంటూ ఉంటారు. ఆ కాలంలో ఎక్కువ భాగం బడులకు వేసవి సెలవులు. అంగన్‌వాడీకి బడికున్నంత సెలవులు ఉండవు కాబట్టి జాలారి వాడల్లో ఆ వారాలను తండ్రుల వారాలుగా మలచుకోవచ్చు. వల కన్నుల లెక్క, గాలి దిక్కు, అలల కథలు చెప్పడానికి వారిని మించినవారు లేరు. పదిహేను రోజులు తన బిడ్డ చదివే గదిలో కూర్చున్న తండ్రి, ఆ తర్వాత వేటకు వెళ్లినా ఆ గదిని పరాయిదనుకోడు. వన్‌టౌన్‌లో మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి చుట్టూ ఇళ్లన్నీ పండుగ పనుల్లో ఉంటాయి. ఆ రోజుల్లో సమావేశం పెట్టకూడదని క్యాలెండరు తయారు చేసేటప్పుడు తల్లులను అడిగితే వాళ్లే చెబుతారు.

వాడ అంటే ఏమిటన్నది కూడా తేల్చుకోవాలి. 2019 అక్టోబరులో వచ్చిన వార్డు సచివాలయాల్లో విద్యకు ఒక కార్యదర్శి, ఆరోగ్యానికి ఒక కార్యదర్శి ఉన్నారు. ఆశా కార్యకర్తలు, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ (మెప్మా) కింద మహిళల పొదుపు సంఘాలు ఉన్నాయి. వీరంతా అదే ఇంటి తలుపు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు ఫారాలతో తడుతున్నారు. ఒకరు అడిగింది ఇంకొకరికి చేరదు. పొదుపు సంఘం సమావేశం పనికి వెళ్లే ఆడవారి వేళకే జరుగుతుంది, ఎందుకంటే ఆ వేళను వాళ్లే పెట్టుకున్నారు. పిల్లల సంగతులు మాట్లాడటానికి కొత్త సమావేశం కంటే, అంగన్‌వాడీ కార్యకర్త ఆ సమావేశంలో పావుగంట అడిగి తీసుకోవడం మేలు.

నగరంలో పెద్ద పరిశ్రమలకు కొదవ లేదు. నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. ఆ డబ్బుతో అంగన్‌వాడీ గోడలకు రంగులు వేస్తే ఫొటో బాగుంటుంది. అదే డబ్బుతో రెండో కార్యకర్తకు మూడేళ్ల జీతమిస్తే పిల్లలు బాగుంటారు. పని చోట శిశు సంరక్షణ కేంద్రాల సంగతి ఇంతకంటే ముఖ్యం. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో వాటిని తప్పనిసరి చేసింది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. ఇళ్లలో పనిచేసేవారికి, చేపలమ్మేవారికి అలాంటి యజమాని ఎవరూ లేరు. వారి కోసం ‘పాల్నా’ పథకం కింద అంగన్‌వాడీలోనే సంరక్షణ కేంద్రం నడిపే వీలుంది. అది లేని చోట పసిబిడ్డను చూసుకునేది ఇంట్లోని ఎనిమిదేళ్ల అక్క. చిన్నదాని సంరక్షణకు ఏర్పాటు లేకపోతే పెద్దదాని చదువు పోతుంది. బడి మానేసిన ఆడపిల్లల గురించి ఆందోళన చెందేవారు లెక్కలు ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి.

ఆరోగ్యం విషయంలో నమ్మకం లేకపోతే మందు సీసా ఇంట్లో ఉండి కూడా పని చేయదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉంది. వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఐరన్ సిరప్ ఇవ్వాలి. అది తాగాక బిడ్డకు విరేచనం నల్లగా అవుతుంది. అది మామూలేనని ముందే చెప్పకపోతే తల్లి భయపడి మానేస్తుంది, మానేశానని చెప్పడానికి మొహమాటపడుతుంది. నమోదులో మాత్రం మందు ఇచ్చినట్టే ఉంటుంది. మాటలు ఆలస్యమైన పిల్లల సంగతీ అంతే. రెండేళ్లు నిండినా రెండు పదాలు కలిపి మాట్లాడకపోతే చూపించాలి. ‘వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమే’ అని ఇంట్లో పెద్దలు సర్దిచెప్పుకుంటారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏటా రెండుసార్లు అంగన్‌వాడీల్లో పరీక్షించి, అవసరమైన పిల్లలను పై ఆసుపత్రికి పంపాలి. పంపిన చీటీ పట్టుకుని తల్లి కూలి మానుకుని నగరంలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ దాకా వెళ్తుందా లేదా అన్నది చీటీ రాసినవారి మాట తీరు మీద, తోడు వెళ్లేవారు దొరకడం మీద ఆధారపడి ఉంటుంది. మొదటిసారి ఆశా కార్యకర్త తోడు వెళ్లిన కుటుంబం రెండోసారి తనంతట తానే వెళ్తుంది.

ఇంత చేసినా ఒకటో తరగతిలో చేరేటప్పుడు అంతా తెగిపోతోంది. మూడేళ్లపాటు కార్యకర్త తెలుసుకున్నవి, బిడ్డ ఏ చేత్తో తింటుంది, ఏ చెవి సరిగా వినపడదు, ఇంట్లో ఏ భాష, తండ్రి ఏ నెలల్లో ఊళ్లో ఉంటాడు, ఇవేవీ బడికి చేరవు. జాతీయ విద్యా విధానం 2020 మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా చెప్పింది. అయినా ఆ దశ మధ్యలో రెండు శాఖల సరిహద్దు ఉంది. ఏప్రిల్‌లో సెలవులకు ముందు ఒకటో తరగతి టీచరు తన బడికి పిల్లలు వచ్చే అంగన్‌వాడీలకు వెళ్లి, కార్యకర్తతో, ఇంటి పెద్దలతో కలిసి ఒక్కో బిడ్డ గురించి పావుగంట మాట్లాడితే ఈ సమాచారం చేతులు మారుతుంది. అందుకు రెండు మూడు రోజులు చాలు. ఆ రోజులను టీచరుకు, కార్యకర్తకు ఇద్దరికీ డ్యూటీగా లెక్కించాలి. విద్యాశాఖ, స్త్రీ శిశు సంక్షేమ శాఖ కలిసి సంతకం చేయాల్సిన ఉత్తర్వు అది.